కొనకుండా ఒక వారం

గడియారాల మీద ఇష్టం ఇప్పుడు చాలామందికి ఫోన్‌లోనే మొదలవుతోంది. రాత్రి అన్నం తిన్నాక మంచం మీద వాలి ఒక వీడియో చూస్తారు, దాని వెనకే ఇంకొకటి. స్విట్జర్లాండ్‌లో ఎవరో వెంట్రుకంత సన్నటి స్ప్రింగును పట్టకారుతో పట్టుకుని చక్రంలో కూర్చోబెడుతుంటారు. చివర్లో ధర చెబుతారు. ఆ ధరకు మన దగ్గర పొలమే వస్తుంది. అది విన్నాక మనసు రెండు దారుల్లో ఏదో ఒకటి పడుతుంది. మనలాంటి వాళ్లకు కాదులే అని వదిలేయడం ఒకటి. అచ్చం అలాగే కనిపించే నకిలీని ఆన్‌లైన్‌లో తెప్పించుకుని చేతికి పెట్టుకోవడం రెండోది. ఏ దారిన పోయినా నాలుగు నెలల్లో ఆ ఇష్టం ఎండిపోతుంది.

ఇంకో దారి ఉంది. ఏడాదిలో ఒక వారం మొత్తాన్ని ఆ ఇష్టానికి ఇవ్వండి. ఆ వారమంతా గడియారాలు చూడండి, వినండి, వాటితోనే బతుకుతున్నవాళ్ల పక్కన కూర్చోండి. ఒక్కటి కూడా కొనకండి. జెనీవాకు టికెట్టు తీయలేని వాళ్ల కోసమే ఈ అధ్యాయం. పానగల్‌లో బయలుదేరి నల్లగొండ, హైదరాబాద్, బెంగళూరు మీదుగా సాగే వారం ఇది. మీరు ఖమ్మంలో ఉన్నా కడపలో ఉన్నా మీ ఊరి నుంచి ఇలాంటిదే ఒకటి కట్టుకోవచ్చు.

కొనొద్దు అన్నది డబ్బు మిగుల్చుకోవడానికి చెప్పిన మాట కాదు. కొనాలన్న ఉద్దేశంతో లోపలికి అడుగుపెట్టిన మనిషి నోట నాలుగే ప్రశ్నలు వస్తాయి: ఎంత, తగ్గిస్తారా, వారంటీ ఎన్నేళ్లు, నా చేతికి బాగుందా. ఆ నాలుగూ తన గురించే. కొనే పని లేదని ముందే తేల్చుకున్నవాడు గడియారం గురించి అడుగుతాడు. ఇది ఎందుకు ఇలా తిరుగుతోంది, ఈ చప్పుడు ఎక్కడినుంచి వస్తోంది, ఎవరు చేశారు, ఎన్నాళ్లు పట్టింది? ఇష్టం లోతు పెరిగేది ఆ ప్రశ్నల వల్లే.

బయలుదేరేముందు ఒక చిన్న నోటుపుస్తకం కొనండి. ఈ వారం మీరు కొనే వస్తువు అదొక్కటే. మొదటి పేజీలో మూడు ప్రశ్నలు రాసుకోండి. ఈ గడియారం తన బలాన్ని ఎక్కడ దాచుకుంటోంది? ఆ బలాన్ని కొద్దికొద్దిగా ఎలా వదులుతోంది? ఎంతయిందో మనకు ఎలా చెబుతోంది? గుడి ముందు పాతిన కర్ర నుంచి కోటి రూపాయల చేతిగడియారం దాకా ఏది కనిపించినా ఈ మూడూ అడగండి. తెలిసినంత రాయండి, తెలియనిచోట ఖాళీ వదిలి ముందుకు పోండి.

పిల్లలుంటే ముందు ఆదివారం ఇంట్లోనే ఒక పని చేయొచ్చు. మన పెద్దలు పగలూ రాత్రీ కలిపి రోజును 60 గడియలుగా లెక్కపెట్టారు, గడియకు 24 నిమిషాలు. దాన్ని కొలవడానికి అడుగున సన్నటి రంధ్రం ఉన్న రాగిగిన్నెను నీళ్ల తొట్టిలో వదిలేవాళ్లు, నిండి మునిగితే ఒక గడియ. గడియకుడుక అంటే అదే. పల్చటి రేకు గిన్నె తీసుకుని సూదితో రంధ్రం పొడిచి చూడండి. అది సరిగ్గా 24 నిమిషాలకు మునిగేలా చేయడానికి ఒక మధ్యాహ్నమంతా పట్టవచ్చు. రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా లెక్క తప్పుతుంది. కాలాన్ని కొలవడంలో ఉన్న కష్టం చేతికి తెలిశాక, ఆ తర్వాత చూసే ప్రతి గడియారం మీదా గౌరవం పెరుగుతుంది.

మొదటి రోజు ఊళ్లోనే

నల్లగొండ పట్నాన్ని ఆనుకునే ఉంటుంది పానగల్. ఉదయసముద్రం చెరువు, పచ్చల సోమేశ్వరాలయం, దాని పక్కన శిల్పాలు పెట్టిన మ్యూజియం, పొలాల మధ్య ఛాయా సోమేశ్వరాలయం. కందూరు చోడుల కాలం నాటి ఊరు ఇది. శివరాత్రికి ఇక్కడికి వచ్చేవాళ్లలో గడియారాల గురించి ఆలోచించేవాళ్లు ఉంటారో లేదో గానీ, గడియారాల మీద ప్రేమ ఉన్నవాళ్లు మొదట రావలసిన చోటు ఇదేనని నా గట్టి నమ్మకం.

ఛాయా సోమేశ్వరాలయం త్రికూటం. ఒకే మండపం చుట్టూ మూడు గర్భాలయాలు. వాటిలో ఒకదాంట్లో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ ఒకటి పొద్దున్నుంచి సాయంత్రం దాకా పడుతూనే ఉంటుంది. ఆకాశంలో సూర్యుడు నడుస్తాడు, ఆ నీడ మాత్రం కదలదు. ఏ స్తంభం నీడ అని వేలు పెట్టి చూపడానికి అక్కడ ఎదురుగా స్తంభం లేదు. లోపల నిలబడినవాళ్లకు మొదట కలిగేది ఆశ్చర్యమే.

ఆశ్చర్యం దగ్గర ఆగకుండా ఒక రోజంతా ఇక్కడ గడపండి. గుడి బయట ఎండ బాగా పడేచోట నిటారుగా ఒక కర్ర పాతండి. గంటకొకసారి దాని నీడ కొస దగ్గర ఒక రాయి పెట్టండి. రాయి పెట్టిన ప్రతిసారీ లోపలికి వెళ్లి గోడ మీది నీడ చూసిరండి. సాయంత్రానికి బయట రాళ్ల వరుస ఒక వంపు తిరిగి ఉంటుంది, మీరు చేసిన నీడగడియారం అది. లోపల నీడ పొద్దున ఎక్కడుందో అక్కడే ఉంటుంది. ఒకే సూర్యుడు, ఒకే రోజు, రెండు నీడలు.

లోపలి నీడ మిస్టరీ కాదు. సూర్యాపేటకు చెందిన ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు దీన్ని నమూనా కట్టి మరీ వివరించారు. గర్భాలయంలోకి నేరుగా ఎండ రాదు. మండపం స్తంభాల పక్కలనుంచి చెదిరిన వెలుతురు మాత్రమే వస్తుంది. స్తంభాలను నిలిపిన తీరు వల్ల ఆ వెలుతురు ఎటునుంచి వచ్చినా మధ్యలో ఒకే చోట చీకటి పట్టీ మిగులుతుంది. సూర్యుడి స్థానం మారితే మారనీ, ఆ మార్పు గోడ దాకా చేరకుండా కట్టారు.

గడియారాల తయారీలో అసలు పని ఇదే. చాబీ ఇచ్చే చేతిగడియారంలో ప్రతిదీ మారుతూనే ఉంటుంది. స్ప్రింగు పొద్దున బిగువుగా ఉంటుంది, రాత్రికి సడలుతుంది. ఎండకు లోహం వ్యాకోచిస్తుంది. చెయ్యి పైకెత్తితే ఒకలా, కిందికి వేలాడేస్తే ఇంకోలా భూమి లాగుతుంది. ఈ మార్పులేవీ ముల్లు దాకా చేరకూడదు. పారిస్‌లో పనిచేసిన అబ్రహాం లూయీ బ్రెగే 1801లో పేటెంట్ తీసుకున్న టూర్బియాన్ ఇలాంటి ఉపాయమే. అప్పటి జేబుగడియారం రోజంతా కోటు జేబులో నిలువుగానే ఉండేది కాబట్టి భూమి ఆకర్షణ ఎప్పుడూ ఒకే వైపు లాగి తప్పు పెంచేది. బ్రెగే, అటూ ఇటూ ఊగుతూ లెక్క పట్టే బ్యాలెన్స్ చక్రాన్నీ దాని తోడు భాగాలనూ ఒక చిన్న పంజరంలో పెట్టి ఆ పంజరాన్నే గుండ్రంగా తిరిగేలా చేశాడు. ఇప్పటి వాటిలో అది ఎక్కువగా నిమిషానికి ఒక చుట్టు తిరుగుతుంది. ఒక వైపు వచ్చిన తప్పు, ఎదుటి వైపు వచ్చిన తప్పుతో సరిపోతుంది. లక్షల ధర పలికే ఆ పంజరం వెనక ఉన్న ఆలోచన మనకు పానగల్ పొలాల మధ్యనే అర్థమైందంటే, వారం సరిగ్గా మొదలైనట్టు.

గడియారం సెంటర్, ఒక స్టూలు

రెండో రోజు నల్లగొండ. ఊరి నడిమధ్య గడియారం సెంటర్. ధర్నాలూ ర్యాలీలూ అక్కడే, ఎవరైనా ఎక్కడ కలుద్దామంటే అక్కడే. పట్నం తన గుండెకాయకు గడియారం పేరే పెట్టుకుంది. దాన్ని ఒకసారి తలెత్తి చూసి, ఆ చుట్టుపక్కల వీధుల్లో గడియారాలు బాగుచేసే దుకాణం వెతకండి. వీటిలో చాలావరకు సగం వెడల్పు గదులు, ముందు అద్దాల పెట్టె, దాని వెనక కంటికి భూతద్దం బిగించుకున్న మనిషి. ఈ వారంలో మీకు దొరికే గురువు ఆయనే.

ఉత్త చేతులతో పోకండి. సెల్లు వేయించాల్సిన గడియారమో, పట్టా తెగినదో ఒకటి తీసుకెళ్లండి. పని అయ్యాక డబ్బులిచ్చి, కాసేపు కూర్చోవచ్చా అని అడగండి. పొద్దున 11 గంటల తర్వాత, పండుగ లేని రోజున వెళ్తే బేరాల ఒత్తిడి ఉండదు. నేను అలా అడిగినప్పుడు ఒక పెద్దాయన కళ్లెత్తి చూశాడు.

“ఏమన్న ఖరాబైందా?”

“లేదు పెద్దాయనా, మీరు పని చేస్తుంటే చూద్దామని.”

“గిండ్ల జూసేదేముంటది? పొద్దంత గిదే పని,” అంటూనే స్టూలు నా వైపు జరిపాడు. అరగంట గడిచాక తనంతట తనే చెప్పాడు: “నూనె తక్కువైతే అరుగుతది. ఎక్కువైతే గూడ అరుగుతది, దుమ్మంత పట్టి. సూది మొనకు అంటినంత సాలు. గా సాలు అన్నది నేర్సుకునుడే ఈ పని.”

ఆ మాట జెనీవాలో ఏ ఉస్తాదు నోట విన్నా ఇంతకంటే ఎక్కువేమీ ఉండదు.

చూడవలసింది ఆయన చేతులను. విప్పిన మరలను ఏ వరుసలో పెడుతున్నాడో గమనించండి, ఆ వరుసే మళ్లీ బిగించడానికి దారి. మూత తీసిన పాత గడియారంలో ఎర్రటి చుక్కల్లాంటి రాళ్లు కనిపిస్తాయి. డయల్ మీద 17 జ్యువెల్స్ అని రాసి ఉండేది వాటి గురించే. నగల్లో పెట్టే రాళ్లు కావవి, కృత్రిమంగా చేసిన కెంపులు. చక్రాల ఇరుసులు లోహం మీద కాకుండా నునుపైన గట్టి రాయి మీద తిరిగితే అరుగుదల తగ్గుతుంది. 17 కంటే 25 గొప్పదనే లెక్క ఎప్పుడూ నిజం కాదు. అదనపు ఏర్పాట్లున్న గడియారానికి ఎక్కువ రాళ్లు కావాలి, సాదా గడియారానికి 17 చాలు.

ఎప్పటికైనా పాత హెచ్‌ఎంటీ గడియారాలు కొనాలనుకునేవాళ్లు ఈ దుకాణంలో ఇంకో విషయం నేర్చుకోవచ్చు. ఆన్‌లైన్‌లో తళతళలాడే నారింజ, ఊదా, చిలకాకుపచ్చ డయళ్లతో చవకగా దొరికే పాత గడియారాల్లో చాలావాటికి డయల్ మళ్లీ అచ్చువేసి, ఎక్కడెక్కడివో భాగాలు కలిపి బిగించి ఉంటారు. అసలు డయల్ మీద అక్షరాల అంచులు ఎంత పదునుగా ఉంటాయో, కొత్తగా వేసినదాని మీద ఎలా అలుక్కుపోయి ఉంటాయో భూతద్దం కింద పక్కపక్కన చూపించమని అడగండి. పది నిమిషాల పాఠం అది, జన్మంతా పనికొస్తుంది.

హైదరాబాద్: ఎక్కువ రోజులు ఇక్కడే

సాలార్‌జంగ్ మ్యూజియానికి ఒక పూట సరిపోదు. రోజంతా ఉంచుకోండి. శుక్రవారం సెలవు, కాబట్టి వారాన్ని దాన్నిబట్టి సర్దుకోండి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ జీవితమంతా పోగుచేసిన వస్తువులతో 1951 డిసెంబరులో నెహ్రూ చేతుల మీదుగా మొదలైన మ్యూజియం ఇది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనంలోకి మారింది.

లోపల అందరూ గుమికూడేది ఒక ఇంగ్లిష్ సంగీత గడియారం ముందు. 19వ శతాబ్దానిది, కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ వాళ్లు కూర్చినది, 350కి పైగా భాగాలు. గంట కొట్టే వేళకు తలుపు తెరుచుకుని గడ్డం మనిషి బయటికొస్తాడు, ఎన్ని గంటలైతే అన్నిసార్లు మోగించి లోపలికి పోతాడు. మరోవైపు ఒక కమ్మరి సెకనుకొక దెబ్బ వేస్తూ ఉంటాడు. మధ్యాహ్నం 12కు 12 దెబ్బలు కాబట్టి జనం ఎక్కువ. ముందు కుర్చీలు వేసి ఉంటాయి.

దాదాపు అందరూ ఫోన్లు ఎత్తి పట్టుకుని ఆ దృశ్యాన్ని తెర మీదే చూస్తారు. మీరు ఫోన్ జేబులో పెట్టేయండి. మొదటి గంటకు గడ్డం మనిషిని మాత్రమే చూడండి. తలుపు ఎప్పుడు కదిలింది, ఆయన వచ్చాక మొదటి దెబ్బకు ముందు ఎంత ఆగాడు, చివరి దెబ్బ తర్వాత ఎంతసేపటికి తిరిగాడు. తర్వాతి గంటకు కమ్మరిని మాత్రమే చూడండి. ఇంకో గంటకు కళ్లు మూసుకుని వినండి. మధ్యలో దొరికే సమయంలో గడియారాల గది తిరగండి. నీడగడియారాల దగ్గర్నుంచి ఫ్రాన్స్, ఇంగ్లండ్, స్విట్జర్లాండ్, జర్మనీ, హాలండ్ గడియారాల దాకా ఉన్నాయి. భూతద్దం లేనిదే పనితనం కనిపించనంత చిన్నవీ, మనిషెత్తు పెట్టెలో లోలకం ఊగే పెద్దవీ ఉన్నాయి. మూడు ప్రశ్నలూ ఇక్కడ బాగా పనిచేస్తాయి. బరువు వేలాడుతుంటే బలం దాంట్లో ఉంది, వేలాడకపోతే లోపల స్ప్రింగు చుట్ట ఉంది. లోలకం ఉంటే లెక్క అది చూసుకుంటోంది, లేకపోతే బ్యాలెన్స్ చక్రం కోసం వెతకండి. నచ్చినవన్నీ రాయకండి, ఒక మూడింటి ముందు చాలాసేపు నిలబడండి. అందరికంటే ఎక్కువ చూసినవాడికంటే ఒక్కదాన్నే సరిగా చూసినవాడు ఆ గది నుంచి ఎక్కువ పట్టుకెళ్తాడు.

శుక్రవారం రాకముందే చౌమహల్లా ప్యాలెస్ కూడా చూసేయాలి, దానికీ ఆ రోజే సెలవు. ద్వారం మీది ఖిల్వత్ గడియారం రెండు శతాబ్దాలకు పైగా నడుస్తోందని ప్రతీతి. గడియారాల పని తెలిసిన ఒక కుటుంబం వారానికోసారి దానికి చాబీ ఇస్తూ వస్తోంది. రాజులు పోయారు, రాజ్యం పోయింది, దివాన్లు పోయారు. వారం తిరగ్గానే ఎవరో ఒకరు వచ్చి చాబీ తిప్పుతున్నారు కాబట్టి గడియారం ఉంది.

శుక్రవారాన్ని వీధులకు ఇవ్వండి. టికెట్లు లేవు, తలుపులు లేవు, నడవడానికి ఓపిక చాలు. చార్మినార్‌కు గడియారాలు పెట్టింది 1889లో. అక్కడినుంచి లాడ్ బజార్ గుండా నడిస్తే మహబూబ్ చౌక్ గడియార స్తంభం, 1892లో దివాన్ ఆస్మాన్ జా కట్టించినది. దక్షిణంగా శాలిబండ వైపు పోతే 1904 నాటి స్తంభం కనిపిస్తుంది. నాకు హైదరాబాద్ గడియారాలన్నిటిలోకీ ప్రియమైనది అదే. నాలుగు ముఖాల మీద అంకెలు నాలుగు లిపుల్లో ఉంటాయి, రోమన్, అరబిక్, దేవనాగరి, తెలుగు. బజారుకు వచ్చిన ఎవరైనా తనకు తెలిసిన అంకెల్లో కాలం చూసుకోవాలని ఆనాడు ఎవరికో తోచింది. ఖరీదైన గడియారాల ప్రదర్శనలో ఎంత వెతికినా ఇంత మర్యాద తెలిసిన డయల్ కనిపించడం అరుదు. తెలుగు అంకెల వైపు నిలబడి కాసేపు చూడండి. మన పిల్లల్లో చాలామందికి ఆ అంకెలు ఇప్పుడు చదవడం రాదు, అక్కడే నేర్పేయండి. ఓపిక ఉంటే సాయంత్రానికి సికింద్రాబాద్ చేరి 1897 నాటి 120 అడుగుల స్తంభం చూసి రోజు ముగించండి.

చూసిన ప్రతి స్తంభం దగ్గరా అది చూపుతున్న సమయాన్నీ అసలు సమయాన్నీ పక్కపక్కన రాసుకోండి. కొన్ని ఆగిపోయి ఉంటాయి. ఊరి నడుమ ఆగిపోయిన గడియారాన్ని చూస్తే నాకు బాధగా ఉంటుంది. అది యంత్రం పాడవడం కంటే, దాన్ని చూసుకునే మనిషి లేకపోవడాన్ని ఎక్కువగా చెబుతుంది. మీ ఊళ్లో అలాంటిది ఉంటే మున్సిపాలిటీకి ఒక ఉత్తరం రాయడం, బాగుచేయగల మనిషి ఎవరో కనుక్కుని ఆ పేరు కూడా అందులో చేర్చడం, ఈ వారం నుంచి పుట్టగల మంచి పని.

షోరూమ్‌లోకి ఎలా వెళ్లాలి

బంజారాహిల్స్ వైపు ఉన్న పెద్ద గడియారాల షోరూమ్ తలుపు తోయడానికి చాలామందికి జంకు. కాపలా మనిషి ఏమంటాడో, లోపలివాళ్లు బట్టలు చూస్తారేమో అని. శుభ్రంగా ఉతికిన చొక్కా చాలు. వారం మధ్యలో, తెరిచిన తొలి గంటల్లో వెళ్లండి. లోపలికి పోగానే నిజం చెప్పేయండి: “నాకు గడియారాలంటే ఇష్టమండి. ఇవాళ కొనడానికి రాలేదు. మీకు వీలుంటే ఒకటి రెండు చూపించండి, రద్దీ ఉంటే మళ్లీ వస్తాను.” ఈ మాట చెప్పాక మీకు దాచుకోవాల్సిందేమీ ఉండదు, ఎదుటి మనిషికీ అమ్మాలన్న ఒత్తిడి పోతుంది. గడియారాల గురించి నిజంగా తెలిసిన సేల్స్‌మన్‌కు రోజంతా ధరలే చెప్పి విసుగొచ్చి ఉంటుంది. యంత్రం గురించి అడిగే మనిషి దొరికితే సంతోషంగా మాట్లాడతాడు. ఒకచోట మాట్లాడకపోతే నమస్కారం చెప్పి బయటికొచ్చేయండి, పక్క వీధిలో ఇంకొకటి ఉంది.

చేతికున్న ఉంగరం, కడియం తీసి జేబులో వేసుకున్నాకే గడియారం పట్టుకోండి, గీత పడితే పాలిష్‌తో పోనివి ఉంటాయి. మెత్తటి ట్రే మీదే పట్టుకోండి, పైకెత్తకండి. చాబీ తిప్పాలన్నా ఫొటో తీయాలన్నా అడిగాకే. ముందు వైపు చూసిన తర్వాత తిప్పి వెనక చూపించమనండి. వెనక అద్దం ఉంటే లోపలి పనంతా కనబడుతుంది. పలకల అంచులను కోణంగా చెక్కి మెరిపించారా, లోపలి మూలలు పదునుగా ఉన్నాయా చూడండి. గుండ్రటి మూలను యంత్రం చేయగలదు, కత్తిలా కోసిన లోపలి మూల ఎక్కువగా చేతిపనే.

ఏమి చూపించమని అడగాలి? మన దేశంతో చుట్టరికం ఉన్న వాటితో మొదలుపెట్టొచ్చు. జేజే లెకూల్త్ర్ కంపెనీ వాళ్ల రివర్సో గడియారం 1931 నాటి రూపం. ఇక్కడ పోలో ఆడే బ్రిటిష్ సైనికాధికారుల గడియారాల అద్దాలు పగిలిపోతుంటే, ముఖాన్ని వెనక్కి తిప్పేసుకునేలా చేశారు. దాన్ని ఒకసారి తిప్పి చూపించమనండి, ఆ జారుడులో ఉన్న నాజూకు ఏ వీడియోలోనూ తెలియదు. ఇంత దూరం పోలేనివాళ్లు నల్లగొండలోనే టైటాన్ దుకాణంలో ఎడ్జ్ చూపించమని అడగండి. హోసూరులో టైటాన్ వాళ్లు 2002లో తెచ్చిన ఆ గడియారం మందం 3.5 మిల్లీమీటర్లు, లోపలి యంత్రం 1.15 మిల్లీమీటర్లే. తమిళనాడులో ఉన్నా తెలుగు బాగా వినిపించే ఊరది. అదే టైటాన్ 2025లో టూర్బియాన్ ఉన్న జల్సాను విడుదల చేసింది, 10 మాత్రమే.

శాశ్వత క్యాలెండర్ గడియారం ఉంటే తప్పక అడగండి. నెలకు 30 రోజులా 31 రోజులా, ఫిబ్రవరికి 28 రోజులా 29 రోజులా అన్నది దానికి పళ్లచక్రాల్లోనే తెలుసు. 4తో భాగించబడినా 2100 లీపు సంవత్సరం కాదు కాబట్టి, వీటిలో చాలావాటిని మళ్లీ చేత్తో సరిచేయాల్సింది అప్పుడే. చాంద్రమానం ఇంతకంటే కష్టం. స్విస్ కంపెనీ బ్లాంపెయిన్ 2012లో అధికమాసంతో సహా చైనా సంప్రదాయ క్యాలెండర్ చూపే గడియారం చేసింది, పర్మిజియానీ హిజ్రీ క్యాలెండర్‌తో చేసింది. తిథి, నక్షత్రం, అధికమాసం చూపే ఒక తెలుగు పంచాంగపు చేతిగడియారం ఎలా ఉండాలో నోటుపుస్తకంలో బొమ్మ గీయండి. రాకపోయినా గీయండి. ఎన్ని చక్రాలు కావాలో లెక్కవేయడం మొదలుపెట్టిన క్షణం నుంచి మీరు చూసేవాళ్లు మాత్రమే కాదు.

రాత్రి రైల్లో బెంగళూరుకు

కాచిగూడలో సాయంత్రం రైలెక్కితే మహబూబ్‌నగర్, గద్వాల, కర్నూలు మీదుగా తెల్లారేసరికి బెంగళూరు.   

బెంగళూరులో చూడవలసింది జాలహళ్లి వైపు ఉన్న హెచ్‌ఎంటీ హెరిటేజ్ సెంటర్. జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో హెచ్‌ఎంటీ గడియారాల తయారీ మొదలైంది. జనతా, పైలట్, కోహినూర్, కాంచన్, సోనా, ఈ పేర్లు మన ఇళ్లలో మనుషుల పేర్లంత పరిచయం. పెళ్లికొడుక్కి సైకిలు, రేడియో, హెచ్‌ఎంటీ వాచీ అన్న రోజులు తెలంగాణ పల్లెల్లో అందరికీ గుర్తే. ఉద్యోగం వచ్చినవాడి మొదటి జీతం, రిటైరైనవాడి సన్మానం కూడా అదే. 1969 చివర్లో సీకో తెచ్చిన, సెల్లుతో నడిచే క్వార్ట్జ్ గడియారం ప్రపంచమంతా చాబీ గడియారాలను కూలదోసింది, సెకనుకు వేల సార్లు కంపించే స్ఫటికం ముందు సెకనుకు 5 దెబ్బలు వేసే బ్యాలెన్స్ చక్రం నిలవలేకపోయింది. స్విట్జర్లాండ్‌లో ఊళ్లకు ఊళ్లే పని పోగొట్టుకున్నాయి. హెచ్‌ఎంటీ ఇంకొంతకాలం నిలబడింది, 2016లో గడియారాల కంపెనీని మూసేయాలని కేంద్రం నిర్ణయించింది.

మ్యూజియంలో గడియారాలతో పాటు హెచ్‌ఎంటీ ట్రాక్టర్లూ యంత్రాలూ ఉన్నాయి. వాటిని దాటేసి పోకండి. గడియారం చేయాలంటే ముందు దాని చక్రం పళ్లు కోసే యంత్రం కావాలి. ఆ వరుస అక్కడ కళ్లకు కనబడుతుంది.

ఇక దూరదేశపు వేడుకల మాట. దుబాయ్ వాచ్ వీక్ 2015లో మొదలైంది, నవంబరులో జరుగుతుంది, ఈమధ్య రెండేళ్లకోసారి. ముందే పేరు నమోదు చేసుకుంటే ప్రవేశం ఉచితం. మన పాలమూరు, కరీంనగర్, నిజామాబాద్ నుంచి గల్ఫ్ వెళ్లి పనిచేస్తున్న వాళ్లు ఎందరో. వాళ్లలో గడియారాల మీద ప్రేమ ఉన్నవాళ్లకు సెలవు రోజున ప్రపంచంలోని గొప్ప పనివాళ్ల పక్కన నిలబడే అవకాశం అది. మీవాళ్లు ఎవరైనా అక్కడుంటే ఈ మాట చెప్పండి. జెనీవాలో ఏప్రిల్‌లో జరిగే వాచెస్ అండ్ వండర్స్‌లో చివరి రోజులు టికెట్టు కొన్న ఎవరికైనా తెరుస్తారు. ఎప్పటికైనా యూరప్ వెళ్లే యోగం ఉంటే లా షో ద ఫాన్ అనే ఊళ్లోని గడియారాల మ్యూజియానికి ఒక రోజు ఉంచుకోండి, గడియారాల పని కోసమే గీతలు గీసి కట్టిన ఊరు అది, యునెస్కో 2009లో గుర్తించింది. అయితే పానగల్ నీడనూ సాలార్‌జంగ్ కమ్మరినీ సరిగా చూసివెళ్లినవాడికి అక్కడ కనిపించేవి, నేరుగా విమానం దిగినవాడికి కనిపించవు.

ఇంటికొచ్చాక

ఏడో రోజు ఇంట్లోనే ఉండండి. బీరువాలో, ట్రంకుపెట్టెలో, నాన్నగారి సామాన్ల మధ్య ఎక్కడో ఒక చాబీ గడియారం ఉంటుంది. వెంటనే చాబీ తిప్పకండి. ఏళ్ల తరబడి ఎండిపోయిన నూనెతో తిప్పితే ఇరుసులు అరుగుతాయి. నల్లగొండలో స్టూలు జరిపిన పెద్దాయన లాంటి మనిషి దగ్గరికి తీసుకెళ్లి విప్పి కడిగించి నూనె పెట్టించండి. డయల్ మార్చొద్దని, పాత మచ్చలు అలాగే ఉంచమని ముందే చెప్పండి.

తిరిగి వచ్చాక రోజూ పొద్దున ఒకే వేళకు చాబీ ఇవ్వండి. అడ్డం తగిలేదాకా తిప్పి ఆగండి, బలవంతం చేయకండి. ఒక రాత్రి ముఖం పైకి పెట్టి పడుకోబెట్టండి, తర్వాతి రాత్రి గోడకు ఆనించి నిలువుగా ఉంచండి, ఇంకో రాత్రి చాబీ కిందికి వచ్చేలా. ప్రతి పొద్దునా ఫోన్ సమయంతో పోల్చి ఎన్ని సెకన్లు ముందుందో వెనకుందో రాయండి. భంగిమను బట్టి అంకెలు మారతాయి. బ్రెగే చేత ఆ పంజరం కట్టించింది ఈ తేడానే. జనతా లాంటి గడియారం గంటకు 18,000 దెబ్బలు కొడుతుంది, రోజుకు 4,32,000. రోజుకు అర నిమిషం తప్పినా అది వెయ్యి పాళ్లలో ఒక పాలు కూడా కాదు.

ఏ భంగిమలో ముందుకు పోతుందో, ఏ భంగిమలో వెనకబడుతుందో తేలాక, పగటి తప్పును సరిచేసే భంగిమలో రాత్రిళ్లు ఉంచండి. రోజంతా చేతి మీద ముందుకు పోయిన గడియారం రాత్రి వెనకబడే భంగిమలో పడుకుంటే లెక్క చాలావరకు సర్దుకుంటుంది. పాతతరం వాళ్లు తమ గడియారాలను ఇలాగే అదుపులో పెట్టుకునేవాళ్లు. ఆ అంకెల పేజీని తీసుకుని మళ్లీ ఆ దుకాణానికి వెళ్లండి. పెద్దాయన దాన్ని చూసి వేగం సరిచేసే చిన్న పిన్నును ఎటు జరపాలో, ఎంత జరపాలో చెబుతాడు. అడిగితే, భూతద్దం మీ కంటికిచ్చి, మిమ్మల్నే చూడనిస్తాడు.